కారులో గుండె పాఠం

నా కారు జపానులో పుట్టింది. అక్కడ ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి సముద్రం దాటి మా ఊరు కోచబాంబకు వచ్చింది. వాళ్ళకు స్టీరింగు కుడివైపు, మాకు ఎడమవైపు. మా మెకానిక్కులు స్టీరింగును పీకి ఎడమవైపు బిగించారు గానీ, వేగం చూపించే ముల్లు, పెట్రోలు ముల్లు, గడియారం కుడివైపే ఉండిపోయాయి. అంచేత నేను ఎంత వేగంగా పోతున్నానో నాకు తెలియదు, నా పక్కన కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. మా ఊళ్ళో సగం కార్లు ఇంతే. రేడియో సంగతి మరీ అన్యాయం. జపాను స్టేషన్ల కోసం చేసిన రేడియో అది, మా స్టేషన్లు దానికి అందవు. అందేది ఒక్కటే, పొద్దస్తమానం నరకం గురించి అరిచే పాస్టరుది. దాంతో నా కారులో ఏం వినాలన్నా క్యాసెట్లే గతి.

ఆ రేడియో మా పాటల స్టేషన్లు పట్టుకుని ఉంటే, ఈపాటికి మా ఆవిడ ఏటేటా చనిపోయినవాళ్ళ పండగనాడు నా సమాధి మీద రొట్టెలు పెడుతూ ఉండేది.

ఆ ఏడు ఆ పండగ వెళ్ళీ వెళ్ళగానే వానలు మొదలయ్యాయి. వానల కాలం సెలవుల్లో, ఊరి శివార్ల ఆడవాళ్ళ కోసం నర్సు సహాయకుల తరగతి ఒకటి పెట్టారు. కార్నివాల్ పండగ దాకా నడుస్తుందన్నారు. మా ఆవిడ హిలారియా నాతో ఒక్క మాటైనా అనకుండా వెళ్ళి పేరు రాయించుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై దగ్గరపడుతోంది. పిల్లలిద్దరూ తమ గిన్నెలు తామే కడుక్కునేంత పెద్దవాళ్ళయ్యారు.

"నువ్వు నర్సేమిటే?" అన్నాను.

"మరి నువ్వు డ్రైవరేమిటి? పుట్టినప్పుడు చేతిలో స్టీరింగు పట్టుకుని పుట్టావా?" అంది.

చిక్కల్లా భాషతో వచ్చింది. ఇంట్లో మాది కెచువా, తరగతిలో స్పానిష్. పాఠం చెప్పే ముసలి డాక్టరు తెర్రాసాస్ మాటలు పరుగెడతాయట, ఈమె చెయ్యి నడుస్తుందట. అందుకని పాత సామాన్ల సంతలో ఒక చిన్న టేపురికార్డరు కొనుక్కుంది. దానికి రికార్డు చెయ్యడం వచ్చు, వినిపించడం రాదు. స్పీకరు కొన్ననాడే పోయింది. కాబట్టి మధ్యాహ్నం తరగతిలో పాఠం ఎక్కించుకు రావడం, మర్నాడు పొద్దున నాతోపాటు మొదటి ట్రిప్పుల్లో ముందు సీట్లో కూర్చుని ఆ క్యాసెట్టు వినడం, ఇదీ ఆమె ఏర్పాటు.

నాది ఛార్జీ తీసుకుని పదిమందినీ ఎక్కించుకునే కారు, మా లైను కొండపక్క బస్తీ నుంచి కాంచా సంతకు. పొద్దున ఎక్కేవాళ్ళంతా సంతలో అమ్ముకునేవాళ్ళే. వాళ్ళలో సెవెరినా అని బంగాళాదుంపల వ్యాపారం చేసే ఆవిడ ఉంది. వెడల్పాటి మనిషి, పైగా పది లంగాలు కడుతుంది, ఇద్దరి చోటు తీసుకుని ఒక్కరి ఛార్జీ ఇస్తుంది. మొదటిరోజు క్యాసెట్టు పెట్టగానే ఆవిడ మొహం చిట్లించింది. మా దగ్గర డ్రైవరును మేస్త్రీ అనే పిలుస్తారు.

"ఏం మేస్త్రీ, ఇదేం పాట? ఎవరైనా పోయారా?"

"పాట కాదక్కా, పాఠం. మా ఆవిడ నర్సవుతోంది."

"అవుతే అవనీ. మధ్యలో మేమేం పాపం చేశాం? కూంబియా పాటేదైనా పెట్టు, పొద్దున్నే ఒంట్లోకి కాస్త ఊపు రావాలి."

హిలారియా వెనక్కి తిరిగింది. "రెండు వీధులు ఓపిక పట్టు అక్కా. నచ్చకపోతే నేనే ఆపేస్తా."

డాక్టరు గొంతు అరిగిపోయిన బొంగురు గొంతు. మాటకు ముందు ఒక దగ్గు దగ్గి, "ఇటు చూడండి పిల్లలూ," అనేవాడు. తరగతిలో ఉన్నవాళ్ళంతా నలభైలూ యాభైలూ, అయినా ఆయనకు పిల్లలే. సుద్దముక్క కీచుమనేది, కిటికీ బయట ఐస్‌క్రీము వాడి గంట వినబడేది.

"ఇటు చూడండి పిల్లలూ. పిడికిలి బిగించండి. మీ గుండె అంతే ఉంటుంది. తల్లి కడుపులో బిడ్డకు ఇంకా ముఖం లేదు. చేతుల్లేవు, కాళ్ళు లేవు. ఉన్నది వేరుశనగ పప్పంత. అందులో ఒకచోట చిటికెడు కండ కదులుతుంది. కదలమని దానికి ఎవరూ చెప్పలేదు. కదిలింది ఇక ఆగదు. మీరు నిద్రపోతారు, అది పోదు. మీరు పండగ చేసుకుంటారు, దానికి పండగ లేదు. మీలో ఎవరైనా దానికి ఒక్కనాడు థాంక్స్ చెప్పారా?"

నేను అద్దంలోంచి వెనక్కి చూశాను. కారులో ఉన్నవాళ్ళంతా పిడికిళ్ళు బిగించి, వాటి వంక చూసుకుంటున్నారు. సెవెరినా తన పిడికిలిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"అక్కా, నీ స్టాపు దాటిపోయింది," అన్నాను.

"దాటితే దాటింది. నా దుంపలకు కాళ్ళొస్తాయా ఏం? ఆ ఎవరూ చెప్పకుండా కదిలిందే, దాని సంగతి చెప్పనీ ఆయన్ని."

ఒళ్ళు జలదరించడం అంటే ఏమిటో నాకు ఆ పొద్దున తెలిసింది. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు కూడా నాకు ఎన్నడూ అలా కాలేదు. అక్కడ నా మోకాళ్ళే నాకు గుర్తుండేవి.

వారం తిరిగేసరికి జనం వేరే కార్లను వదిలేసి నా కారు కోసం నిలబడడం మొదలుపెట్టారు. నిన్న ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి పెట్టమనేవాళ్ళు. రక్తం ఎర్రగా ఎందుకుంటుంది, ఊపిరి తీసుకుంటే అది ఎక్కడికి పోతుంది, ఇవే కబుర్లు. డాక్టరు మాట అర్థం కాకపోతే హిలారియా క్యాసెట్టు ఆపి, కెచువాలో విడమరిచి చెప్పేది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, ఉప్పు, పప్పు, పిల్లల బూట్లు కాకుండా మరో విషయం మీద ఆమె అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. గుండెలో గదులెన్ని, తలుపులెటు తెరుచుకుంటాయి అని ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే, నా పక్కన కూర్చున్నది మా ఆవిడేనా అని ఒకటికి రెండుసార్లు చూసేవాణ్ణి.

"రోడ్డు చూడు," అనేది. "నలభై అయిదు. తగ్గించు."

నా లైనులోనే మకారియో అని ఇంకో డ్రైవరు ఉన్నాడు. నా స్నేహితుడే, కాకపోతే నాకు రెండు బేరాలు ఎక్కువ తగిలితే అతనికి ఆ పూట కడుపునొప్పి. అతని కారులో స్పీకర్లు బీరువాలంత ఉంటాయి.

"ఏం కసియానో, కారులో బడి పెట్టావట?" అన్నాడు ఒకనాడు. "యూనిఫారం ఎప్పుడు కుట్టిస్తున్నావ్?"

"ముందు నిన్ను చేర్చుకుంటాం. పలకా బలపం తెచ్చుకో," అన్నాను.

డిసెంబరులో ఒక పొద్దున కుండపోత వాన. నది పొంగి వంతెన ముందు రోడ్డు మునిగింది. నీళ్ళు తగ్గేదాకా కదిలే దారి లేదు. సరిగ్గా ఆ రోజు పాఠం నాడి చూడడం.

"మూడు వేళ్ళు పెట్టండి పిల్లలూ. బొటనవేలు పెట్టొద్దు, దానికి సొంత నాడి ఉంది, మిమ్మల్ని మోసం చేస్తుంది."

నేనొక సంగతి చూశాను, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బయట వాన, లోపల కిటికీలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఒకరికొకరు ఏమీకాని మనుషులు, రోజూ సీటు కోసం మోచేతులతో పొడుచుకునేవాళ్ళు, పక్కవాళ్ళ మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నారు. గుసగుసగా అంకెలు. సెవెరినా చెయ్యి ఒక ముసలి దర్జీ చేతిలో ఉంది. ఆయన పేరు ఎవరికీ తెలియదు, అందరూ తాతా అనేవాళ్ళు.

"ఎనభై ఆరు," అన్నాడు తాత. "పరాయి మగాడు చెయ్యి పట్టుకున్నందుకు ఆమాత్రం ఉంటుందిలే."

"నీ మొహం. నీ చెయ్యి పట్టుకుంటే ఉన్నది కూడా ఆగిపోతుంది," అంది సెవెరినా. కారంతా నవ్వింది.

హిలారియా నా చెయ్యి తీసుకుంది. గడియారం ఆమె ముందే ఉంది. లెక్కపెట్టి, మళ్ళీ మొదలుపెట్టింది.

"నలభై," అంది.

"నలభయ్యా!" అన్నారు వెనక. "చూశారా, మనం ఇంత వరదలో భయపడి చస్తుంటే మేస్త్రీకి చీమ కుట్టినట్టైనా లేదు. అది గుండె కాదు, బండరాయి!"

నాకు ఛాతీ ఉబ్బింది. హిలారియా నా చెయ్యి వదలకుండా అలాగే కూర్చుంది. నీళ్ళు తగ్గాక గేరు వెయ్యడానికి నేనే లాక్కున్నాను.

ఆ మధ్యాహ్నం స్టాండులో ఆ గొప్ప చెప్పుకోకుండా ఉంటానా? డ్రైవర్లంతా వేడివేడి మొక్కజొన్న జావ తాగుతున్నారు. ఎవరి నాడి తక్కువైతే వాడు మగాడు అని పందెం పడింది. వరసగా చేతులు చాపారు. మకారియో ఊపిరి బిగబట్టి మరీ కూర్చున్నాడు, అయినా అతనిది యాభై దగ్గర ఆగింది. రెండోవాడిగా మిగిలినందుకు ఆ పూట జావ సగంలో వదిలేసి లేచిపోయాడు. మా దగ్గర కారుకో పేరు పెట్టి వెనక అద్దం మీద మెరుపు కాగితంతో అంటించడం మామూలు. గెలిచిన ఊపులో నేను వెళ్ళి నా కారు అద్దం మీద ఈ మూలనుంచి ఆ మూలకు 'రాతిగుండె' అని అంటించుకుని వచ్చాను.

ఆ రోజుల్లో మా ఇంటి మెట్లు ఎక్కితే నాకు ఆయాసం వచ్చేది. వయసు అనుకున్నాను. సాయంత్రానికి బూట్లు బిగుసుకుపోయేవి. వానకు తోలు ముడుచుకుంటుందనుకున్నాను. ఒకసారి మలుపు తిప్పుతుంటే కళ్ళముందు నల్లగా పరుచుకుని పోయింది. పొద్దున ఏమీ తినలేదు, అందుకని అనుకున్నాను. మనిషికి సాకులు దొరకవా?

క్రిస్మసు ముందు ఒకరోజు హిలారియా తరగతి నుంచి వచ్చి తిన్నగా పొయ్యి దగ్గరికి పోయింది. సూపులో ఉప్పు రెండుసార్లు వేసింది. పిల్లలు మొహాలు చూసుకుని తాగేశారు. మర్నాడు కారెక్కి క్యాసెట్టు నా చేతికిచ్చింది.

"ఇవాళేం పాఠం?"

"వించూకా పాఠం."

వించూకా అంటే మా లోయలో అందరికీ తెలిసిన పురుగు. మట్టిగోడ బీటల్లో, గడ్డికప్పులో ఉంటుంది, పడుకున్నవాళ్ళ ముఖం మీద కుట్టి నెత్తురు తాగుతుంది. ఆ పేరు వినగానే కారులో పాతకాలం కబుర్లు లేచాయి.

"మా ఇంట్లో బోలెడు. మా అమ్మమ్మ వాటిని చంపనిచ్చేది కాదు, అవి ఉంటే ఇంటికి డబ్బొస్తుందనేది," అంది సెవెరినా.

"వచ్చిందా?" అన్నాడు తాత.

"వస్తే నీ పక్కన ఇరుక్కుని కూర్చుంటానా?"

డాక్టరు దగ్గాడు. "ఇటు చూడండి పిల్లలూ. అది చిన్నప్పుడు కుడుతుంది. కన్ను వాస్తుంది, తగ్గుతుంది, మనిషి మరిచిపోతాడు. దానితో లోపలికి పోయిన క్రిమి మాత్రం మరిచిపోదు. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు గుండె కండలో కూర్చుని దాని తీగలు కొరుకుతుంది. గుండె ఉబ్బుతుంది, కాళ్ళు వాస్తాయి. ఒకనాడు పొలంలో ఉన్న మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. భూమి పట్టుకుంది అంటారు మీవాళ్ళు. భూమికేం పని?"

మా అన్న అన్సెల్మో మొక్కజొన్న కోతల్లో అలాగే పడిపోయాడు. చేతిలో కండె చేతిలోనే ఉంది. భూమి పట్టుకుందని మా అమ్మ ఆ చోట కోకా ఆకు పెట్టి, సారాయి పోసి క్షమాపణ అడిగింది. అప్పటికి అన్నకు ముప్పై నాలుగు. నేను ఇన్నేళ్ళూ ఆ పొలం గట్టు తొక్కలేదు.

"రేపు మీ ముందు మన లోయ మనిషి ఒకడు కూర్చుంటాడు," అంటున్నాడు డాక్టరు. "రైతో, కూలీనో, డ్రైవరో. బలంగానే కనబడతాడు. చెయ్యి పట్టుకుంటే నాడి నలభై ఉంటుంది. పరుగుపందేల వాళ్ళకూ అలాగే ఉంటుంది, వాళ్ళను మెచ్చుకోండి. ఇతన్ని మాత్రం మెచ్చుకోకండి. ఆ రోజు ఆ మనిషిని ఇంటికి పంపకండి."

టేపులో సుద్దముక్క బోర్డు మీద ఏదో గీస్తోంది. ఐస్‌క్రీము వాడి గంట మోగింది. నేను హిలారియా వంక చూశాను, ఆమె నా వంక చూడలేదు.

"ఇరవై," అంది ముల్లు చూస్తూ. "ఇంకా తగ్గించి పక్కకు తియ్యి."

సంత దగ్గర అందరూ దిగిపోయారు. ఛార్జీ నా చేతిలో పెట్టేటప్పుడు ఒక్కొక్కరూ నా మణికట్టు వంక చూస్తున్నారు. సెవెరినా మూట ఎత్తుకుని, తిరిగి తిరిగి చూస్తూ పోయింది.

"నీకు నిన్ననే తెలుసు," అన్నాను.

"తెలుసు."

"నోటితో చెప్పలేకపోయావా?"

"మూకుడు తోముతూ దానికి చెప్పి చూశాను. నా నోట వింటే నాకే నమ్మబుద్ధి కాలేదు," అంది. "ఆయన గొంతయితే నువ్వు వింటావనుకున్నాను."

నాకు భయం వేసింది. భయం వేస్తే నేను అరుస్తాను, అది నా గుణం. ఎవడో ముసలాడు ఎవరికో చెప్పిన మాట నాకెందుకన్నాను. కారు ఆపితే లైనులో నా చోటు ఇంకొకడికి పోతుంది, కార్నివాల్ దాకా నడిపి తర్వాత చూద్దామన్నాను. మా నాన్నకూ గుండె ఉంది, ఎనభై ఏళ్ళు బతికాడన్నాను.

"మీ అన్నకు?" అంది.

నేను తాళం తిప్పి ఇంజను స్టార్టు చేశాను. ఆమె తలుపు తీసుకుని వానలోకి దిగింది. "రేపట్నుంచి పక్కన కూర్చుని నేను ముల్లును చూడనా, నిన్ను చూడనా? చెప్పు," అని తలుపు వేసింది. ఆ పూట నేను మామూలుగానే నడిపాను. ప్రతి మలుపు దగ్గరా గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను.

మర్నాడు పొద్దున హిలారియా నాతో రాలేదు, ఒక్కణ్ణే వెళ్ళి స్టాండులో కారు పెట్టి తలుపులు తీశాను. సెవెరినా, తాత, రోజూ వచ్చే పాలకోవా అమ్మాయి, అందరూ మూటలతో వానలో నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఎక్కలేదు.

"ఏం, తడవడం సరదాగా ఉందా? ఎక్కండి."

"ఎక్కం," అంది సెవెరినా.

"ఎందుకూ?"

"ఆ రోజు ఆ మనిషిని ఇంటికి పంపొద్దన్నాడు కదా. నీకొక్కడికే చెప్పాడా? మేమూ పాఠం విన్నాం."

"నా కారు, నా గుండె. మధ్యలో మీకేం?"

"కారు నీదే, గుండె నీదే. లోపల కూర్చునే ప్రాణాలు మావి," అంది ఆవిడ. ఇంతలోనే మూట కింద దించింది. "నాయనా, నా మొగుడూ ఇలాగే పడిపోయాడు. అప్పుడు నాకు ఎవరూ పాఠం చెప్పలేదు."

సెవెరినా నోట్లో నువ్వుగింజ నానదు. ఇన్నేళ్ళుగా ఎక్కుతోంది, ఆ మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. వాన అద్దం మీద దబదబా పడుతోంది. తాత కిటికీ దగ్గరికి వచ్చి, "ఆసుపత్రికయితే అందరం ఎక్కుతాం మేస్త్రీ," అన్నాడు.

మకారియో తన కారు తాళం వేసి వచ్చి నా తలుపు తీశాడు. "జరుగు," అన్నాడు. "నేను నడుపుతా." నేను జరిగాను. నా కారు మొదటిసారి లైను తప్పి ఆసుపత్రి వైపు తిరిగింది. దుంపల మూటలు, పాలకోవా డబ్బాలు అన్నీ మాతోనే వచ్చాయి. దారిలో ఒక్కసారి మకారియో తన ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టుకోవడం చూశాను. ఆ తర్వాతి వారం అతను కూడా వెళ్ళి పరీక్షకు నెత్తురు ఇచ్చి వచ్చాడు.

ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చుని ఉండగా ఒక తలుపు వెనకనుంచి దగ్గు వినబడింది. నేను లేచి నిలబడిపోయాను. ఆ గొంతు నా కారులో ఇన్నాళ్ళు తిరిగింది, ఆ మనిషి ఆరడుగులుంటాడని నేను అనుకున్నాను. తలుపు తీసుకుని నా భుజం దాకా కూడా రాని ముసలాయన బయటికి వచ్చాడు. కోటు జేబుకు సుద్ద అంటుకుని ఉంది.

"డాక్టరుగారూ, మీరు రోజూ నా కారులోనే వస్తారు," అన్నాను.

"ఛార్జీ ఏమైనా బాకీ ఉన్నానా?" అన్నాడు.

ఆయన తరగతిలో చదివే హిలారియా మా ఆవిడని చెప్పాను. నా గుండె గీసిన గీతల కాగితాన్ని ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి తానే పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "మొదటి బెంచీలో టేపురికార్డరు ఆవిడ," అన్నాడు. "ఆవిడ మూడు వేళ్ళే పెట్టింది, బొటనవేలు పెట్టలేదు. మంచిది." నన్ను ఇంటికి పంపలేదు.

గుండెకు పక్కన ఒక యంత్రం పెట్టాలన్నారు. అగ్గిపెట్టెంత ఉంటుంది, గుండె మరిచిపోయినప్పుడల్లా గుర్తుచేస్తుందట. డాక్టరు దగ్గర ఒకటి ఉంది. దూరదేశంలో ఎవరో పెట్టుకుని, వాళ్ళు పోయాక వాళ్ళ ఇంటివాళ్ళు దానం చేసినదట. శుభ్రం చేసి దాచాడు. చచ్చిపోయినవాళ్ళది నాకు వద్దన్నాను.

కబురంది వచ్చిన హిలారియా మంచం పక్కన కూర్చుంది. "నీ కారు ఎవరిది? నీ ఒంటిమీద కోటు ఎవరిది? పుట్టినప్పట్నుంచీ ఒకళ్ళు వాడి వదిలినవే వాడి, ఇప్పుడు సిగ్గొచ్చిందా?"

"కారుకైతే స్టీరింగు మార్చారు."

"దీనికి అది కూడా అక్కర్లేదు. గుండె వాళ్ళకూ ఎడమవైపే," అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఆమె ఏడ్చింది. ఆ ఇరవై ఏళ్ళలో హిలారియా నా ముందు ఏడవడం అదే మొదలు.

ఆపరేషన్ గదిలోకి ఇంటివాళ్ళను రానివ్వరన్నారు. ఆమె చెయ్యి తలుపు దగ్గర వదిలేశాను. మత్తు భుజానికే ఇచ్చారు, నాకు అన్నీ తెలుస్తున్నాయి, కాకపోతే ముఖం మీద పచ్చగుడ్డ కప్పారు, ఏమీ కనబడదు. చుట్టూ మనుషులు కదులుతున్నారు. నా గుండె చప్పుడు ఏదో యంత్రంలో టుక్... టుక్... అని బద్ధకంగా వినబడుతోంది. దగ్గు వినబడింది. "ఇటు చూడండి పిల్లలూ," అన్నాడు. చుట్టూ ఉన్నది విద్యార్థులని అప్పుడు అర్థమైంది. ఎలాగూ పాఠమే కదా అని నేనూ విన్నాను. మధ్యలో ఎక్కడో గుడ్డ పచ్చదనం పోయి నల్లగా అయింది, మళ్ళీ పచ్చగా అయింది. కునుకు పట్టిందనుకున్నాను.

నన్ను ఇంటికి పంపిన తర్వాత చాలా రోజులు స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. నా కారు మకారియో నడిపాడు, అతని కారు అతని బావమరిది నడిపాడు. వెనక అద్దం మీద అక్షరాలు మకారియోనే గోళ్ళతో గీకి తీసేశాడు. కార్నివాల్ ముందు, పిల్లలు వీధుల్లో నీళ్ళ బుడగలు విసురుకుంటున్న ఒక పొద్దున, ఊరికే వెళ్ళొద్దామని నేనూ కారెక్కాను. ముందు సీట్లో, ముల్లు ఎదురుగా కూర్చున్నాను. నా వెనక హిలారియా. ఎక్కినవాళ్ళంతా నన్ను చూసి పెళ్ళికొడుకును చూసినట్టు కేకలు పెట్టారు. సెవెరినా నా చెయ్యి లాక్కుని మూడు వేళ్ళు పెట్టి, "డెబ్బై! మనలో కలిశాడు," అని చాటింది.

హిలారియా ఒక క్యాసెట్టు ముందుకు చాపింది. "ఇది ఎవరూ వినని పాఠం," అంది.

డాక్టరు దగ్గాడు. "ఇటు చూడండి పిల్లలూ. ఈ మనిషి డ్రైవరు." కారంతా చప్పట్లు కొట్టింది. నేను వెనక్కి తిరిగాను.

"నువ్వు ఆ గదిలో ఉన్నావా? ఇంటివాళ్ళను రానివ్వరుగా!"

"భార్యలను రానివ్వరు. విద్యార్థులను రానిస్తారు," అంది. "వినవయ్యా."

టేపులో నా గుండె వినబడింది. టుక్... టుక్... హిలారియా పక్కన సెవెరినా పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. కత్తెర ఎక్కడో పళ్ళెంలో పడిన చప్పుడు. డాక్టరు మెల్లగా చెప్పుకుపోతున్నాడు. "ఇప్పుడు తీగను లోపలికి పంపుతున్నాను. ఒక్కోసారి తీగ తగిలితే గుండె అలుగుతుంది. అలిగితే కంగారుపడకండి, నేనూ..." అని మాట మధ్యలో ఆపేశాడు.

ఆ తర్వాత ఏమీ లేదు. టుక్ లేదు, మాట లేదు. క్యాసెట్టు ఈవైపు అయిపోయిందనుకుని, తిప్పి పెట్టడానికి చెయ్యి చాపాను. హిలారియా వెనకనుంచి వంగి నా చెయ్యి పట్టుకుంది.

"అయిపోలేదు," అంది. "అది నువ్వే."

మకారియో ఎవరూ అడగకుండానే కారు పక్కకు తీసి ఆపాడు. క్యాసెట్టు తిరుగుతూనే ఉంది, దాని చిన్న చక్రాలు నాకు కనబడుతున్నాయి. నేను లేని లోకం ఇలా ఉంటుందా అని వింటున్నాను. అప్పుడు రికార్డరుకు బాగా దగ్గరగా, ఆ గదిలో ఇంకెవరికీ వినబడనంత చిన్నగా, ఒక గొంతు కెచువాలో పలికింది. ఇరవై ఏళ్ళుగా నన్ను తిట్టి, పిలిచి, నిద్ర లేపుతున్న గొంతు.

"ఇక్కడ స్టాపు లేదయ్యా. బండి పోనియ్యి. పోనియ్యి."

యంత్రం ఒకసారి టుక్ మంది. కాసేపాగి ఇంకోసారి. ఆ తర్వాత ఇక ఆగకుండా వరసగా కొట్టుకుంటూ పోయింది. డాక్టరు గొంతు సవరించుకుని పాఠం అందుకున్నాడు.